ముందుకు జరిగిన సీటు

తాళం తిప్పేముందు ఊపిరి బిగబట్టడం టీచరమ్మకి ఈమధ్యే అలవాటైంది. ఎంతమందికి డ్రైవింగ్ నేర్పిందో ఆమెకే గుర్తులేదు. మొదటిరోజు వణికిపోతూ వచ్చే ప్రతి మనిషికీ ఆమె చెప్పే మాట ఒకటే: "మీరు భయపడుతున్నట్టు బండికి తెలీదు. మీరు చెప్పకండి, నేనూ చెప్పను." అలాంటి మనిషి ఇప్పుడు పొద్దున్నే షెడ్డులో కూర్చుని, పక్కగదిలో పసిపిల్ల నిద్ర లేస్తుందేమో అన్నంత మెల్లిగా తాళం తిప్పుతోంది.

బండి మూలిగింది. ఆగింది. ఇంకోసారి మూలిగి, ఏదో మొహమాటానికన్నట్టు స్టార్టయింది.

"హమ్మయ్య," అంది టీచరమ్మ పైకే.

మోకాళ్ళు స్టీరింగుకి తగులుతున్నాయన్న సంగతి అప్పటికిగానీ ఆమె బుర్రకి ఎక్కలేదు. సీటు ముందుకు జరిపి ఉంది. నిన్న ఆఖర్న నేర్చుకున్న టైలరమ్మ పొట్టి మనిషిలే అనుకుని, సీటు వెనక్కి లాగి, కిందకి వాలిన అద్దం సరిచేసుకుని, బండి షెడ్డులోంచి బయటికి తీసింది.

స్కూలు బావది. అంటే అక్క మొగుడిది. వాళ్ళింటి ముందుగది ఆఫీసు, దాని గోడకి ఆనుకుని షెడ్డు. బండ్లు రెండు. పెద్ద బండిలో బావ నేర్పుతాడు, చిన్న బండిలో టీచరమ్మ. చిన్న బండిలో డ్రైవరు పక్కసీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు ఉంటాయి. ఆ పక్కసీటు ఆమెది. అందులో కూర్చోకముందు కొన్నాళ్ళు బావ ఆఫీసు కౌంటర్లో ఫోన్లు ఎత్తుతూ, వచ్చినవాళ్ళని కూర్చోమంటూ గడిపింది. మళ్ళీ ఆ కౌంటరు వెనక్కి వెళ్ళడమనే మాట తలుచుకుంటేనే ఆమెకి ఒళ్ళు చచ్చుబడినట్టు ఉంటుంది.

ఆడవాళ్ళు వెతుక్కుంటూ ఆమె దగ్గరికే రావడానికి ఒక కారణం ఉంది. నేర్చుకునేవాళ్ళ చేతులు వణకడం మొదలుపెట్టగానే, ఆమె బండిని పక్కకి ఆపించి, ఇంజను కట్టేయించి, ఫ్యాను పెట్టేది. "కాసేపు గాలి పోసుకుందాం," అనేది. ఆ కాసేపట్లో కొందరు ఏడ్చేవాళ్ళు, కొందరు అత్తగారిని తిట్టుకునేవాళ్ళు. ఏదీ లేకపోతే ఊరికే ముందున్న రోడ్డుని చూస్తూ కూర్చునేవాళ్ళు. వణుకు తగ్గాక మళ్ళీ తాళం తిప్పించేది. బావ దానికి ఫ్యాను క్లాసని పేరు పెట్టాడు. వెక్కిరింతకి పెట్టినా పేరు నిలబడిపోయింది.

ఆ పొద్దున టైలరమ్మ బాగానే నడిపింది. కుట్టు మెషిను తొక్కీ తొక్కీ ఆమె కాలికి ఒక లయ పట్టేసింది, అందుకే యాక్సిలరేటరు మీద కాలు పెడితే ఊపుతూనే ఉంటుంది. "అది మెషిను కాదు తల్లీ, నువ్వు ఊపితే మనమూ ఊగుతాం," అని టీచరమ్మ నవ్వించి నవ్వించి ఆ ఊపు సగం తగ్గించింది. కుట్టిన బట్టలు బండిలో తనే తీసుకెళ్ళి షాపుల్లో దించిరావాలని టైలరమ్మ ఆశ. టెస్టు దగ్గరపడింది.

నాలుగు రోడ్ల కూడలిలో ఎర్రలైటు పడింది. టైలరమ్మ ఆపింది. ఆపడంలో క్లచ్చు వదిలేసింది, ఇంజను ఆగిపోయింది. అదేం వింత కాదు, రోజూ ఉండేదే. పచ్చలైటు వచ్చింది. టైలరమ్మ తాళం తిప్పింది.

టిక్కు టిక్కు టిక్కు.

అంతే. మూలుగు కూడా లేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. ఎవడో పక్కనించి పోతూ, కిటికీలో తల దూర్చి మరీ, "ఇంట్లో తోచక బయల్దేరతారు," అని పోయాడు. టైలరమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తప్పు చేసిన పిల్లలా కూర్చుంది. ఇద్దరూ దిగి బండిని తోశారు. స్టీరింగు తిప్పుతూ ఒకామె, వెనకనించి ఒకామె. చివరికి ఒక వ్యాను డ్రైవరు జాలిపడి, తన బ్యాటరీ నించి వైర్లు తగిలించి స్టార్టు చేయించాడు.

తిరిగి వచ్చేసరికి కబురు ముందే చేరింది. బావ వాకిట్లో నిలబడి ఉన్నాడు. చుట్టూ క్లాసు కోసం వచ్చినవాళ్ళు.

"రా అమ్మా, రా. ఫ్యాను క్లాసు బాగా జరిగిందా?" అన్నాడు బావ. "ఇంజను ఆపి ఫ్యాను పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటుంటే బ్యాటరీ మాత్రం ఏం చేస్తుంది? మీ కబుర్లు వినలేక ప్రాణం వదిలేసింది."

అందరూ నవ్వారు. బావ మాట్లాడితే నవ్వడం అక్కడ మర్యాద. టైలరమ్మ తల దించుకుంది.

"ఎంతోసేపు పెట్టడం లేదు బావా..."

"నాకు చెప్పకు. మొన్న వానల్లోనే కదా కొత్తది వేయించాను? నా బండిది చూడు, ఎన్నాళ్ళయింది, పలకరిస్తే చాలు స్టార్టవుతుంది. సరే, ఈసారి నేను కొనను. నువ్వే వెళ్ళు, నువ్వే చూసుకో, నీకు ఏది సరైనదనిపిస్తే అది వేయించుకో. అది కూడా పోయిందంటే తాళం నా చేతిలో పెట్టి కౌంటర్లో కూర్చో. చిన్న బండి నేనే చూసుకుంటా."

నవ్వుతూనే అన్నాడు. కానీ బావ నవ్వుతూ అన్న మాటలు ఇంతవరకూ ఒక్కటీ వెనక్కి పోలేదు. అక్క టీ గ్లాసుల ట్రేతో గుమ్మంలో నిలబడి ఉంది. ఏదో అనబోయినట్టు పెదవులు కదిపింది. అనకుండానే ట్రే పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆవేళ టీ ఎవరికీ అందలేదు.

*

బ్యాటరీల షాపాయన కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని, "ఏ బండి?" అని అడిగాడు. సమాధానం సగంలో ఉండగానే ఆయన చెయ్యి అరలోకి వెళ్ళింది.

"ఆగండి," అంది టీచరమ్మ. "మీరు అందరికీ ఇచ్చేది నాకొద్దు. నాది పోవడానికి వీల్లేదు."

"పోనిది నా దగ్గర లేదమ్మా," అన్నాడు షాపాయన. అయినా కళ్ళద్దాలు కిందకి దించుకుని బయటికొచ్చాడు. బానెట్ ఎత్తించాడు. మీటరు తగిలించి, ఇంజను స్టార్టు చేయించి, లైట్లు వేయించి, ఆపించి, మళ్ళీ వేయించి చూశాడు. టీచరమ్మ ఆయన చేతుల్ని కాక మొహాన్ని చూస్తూ నిలబడింది, డాక్టరు ముందు నిలబడ్డట్టు.

"బండిలో లోపం లేదు. ఛార్జింగు బ్రహ్మాండంగా అవుతోంది. ఇదే, పాపం, మొత్తం ఖాళీ అవడం, కాస్త నిండడం, మళ్ళీ ఖాళీ అవడం. అలా నలిగిపోయింది. ఇంజను ఆపి ఏమన్నా వాడతారా?"

"ఫ్యాను. నేర్చుకునేవాళ్ళు భయపడితే, రోజూ కాసేపు."

"కాసేపు అంటే?"

"కాసేపే."

షాపాయన గడ్డం గోక్కున్నాడు. "దానికే ఇంత అవకూడదు. కానీ రోజూ అంటున్నారు. ఏమో మరి." ఆ ఏమో మరి దగ్గరే టీచరమ్మ మనసు ఇరుక్కుపోయింది. అయితే బావ అన్నది నిజమేనేమో. ఇన్నాళ్ళూ తను మంచి అనుకుని చేసిందే బండికి ఎసరు పెట్టిందేమో.

ఆయన మూడు బ్యాటరీలు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. మొదటిది పాతదాని లాంటిదే. ఆమె దాన్ని ముట్టుకోలేదు. రెండోది పెద్దది, చూడ్డానికే ధైర్యంగా ఉంది. "ఇది వేసెయ్యండి," అంది.

షాపాయన మారు మాట్లాడకుండా దాన్ని మోసుకొచ్చి బండిలో, బ్యాటరీ కూర్చునే పళ్ళెం పక్కన పెట్టి చూపించాడు. పళ్ళెం కంటే బ్యాటరీ పొడుగు. పట్టి ఉంచే బిగింపు అందలేదు. పైగా ప్లస్సు గుబ్బ ఆ చివర ఉంది, ప్లస్సు వైరు ఈ చివర ఉంది. టీచరమ్మ వైరు పట్టుకుని కొంచెం లాగి చూసింది.

"సాగడానికి అదేం రబ్బరు కాదమ్మా. ఎలాగోలా ఇరికించామే అనుకోండి, కుదుపుకి జరిగి పైన రేకుకి తగిలిందంటే నిప్పు లేస్తుంది. పెద్దదంటే మంచిదని కాదు. దీనికి సరిపోయేది కావాలి. మీరు నడిపే తీరుకి సరిపోయేది కావాలి. అసలు ఎలా నడుపుతారు?"

"నేను నడపను. నేర్పుతాను. వాళ్ళు ఆపేస్తారు. మళ్ళీ స్టార్టు చేస్తారు. నాలుగడుగులు వెళ్ళి మళ్ళీ ఆపేస్తారు. పొద్దస్తమానం అంతే."

షాపాయన మొదటిసారి నవ్వాడు. మూడోదాని మీద అరచెయ్యి వేశాడు. "అది ముందు చెప్పాలిగా. కొన్ని బండ్లు సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా ఇంజను వాటంతటవే కట్టేసుకుంటాయి, కదలాలంటే మళ్ళీ అవే స్టార్టు చేసుకుంటాయి. వాటికోసం చేసింది ఇది. మీ పళ్ళెంలో కూర్చుంటుంది, ప్లస్సు కూడా మీకు కావలసిన వైపే. ఆపండి, స్టార్టు చెయ్యండి, ఆపండి, స్టార్టు చెయ్యండి. విసుక్కోదు."

"మా టైలరమ్మని చూసి చేసినట్టున్నారే," అంది టీచరమ్మ. ఆ రోజు మొత్తానికి ఆమె నవ్వింది అప్పుడే.

తయారైన నెల ముద్ర చూపించమని అడిగి, అరలో వెనకున్న తాజాదాన్నే తీయించుకుంది. ఆయన మైనస్సు ముందు విప్పి, తర్వాత ప్లస్సు విప్పి, పాతదాన్ని ఎత్తి కింద పెట్టాడు. కొత్తదానికి ప్లస్సు ముందు బిగించి, మైనస్సు చివర్న బిగించి, గుబ్బల మీద వేలితో గ్రీజు రాశాడు. తాళం తిప్పగానే బండి ఒక్క కూతకి అందుకుంది. టీచరమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది.

బానెట్ మూస్తూ షాపాయన అన్నాడు: "ఒక్క మాట. ఎన్ని స్టార్టింగులైనా ఓర్చుకుంటుంది గానీ, కదలకుండా నిలబెట్టి లైట్లూ ఫ్యానూ వేసి ఖాళీ చేస్తే మాత్రం ఓర్చుకోదు. నాలుగుసార్లు అలా చేశారంటే ఇదీ చచ్చినవాటితోపాటు నా కౌంటరు కిందకే వస్తుంది."

*

మర్నాటినించి చిన్న బండిలో ఫ్యాను క్లాసులు రద్దయ్యాయి. ఎవరూ ప్రకటించలేదు. టీచరమ్మ ఫ్యాను బొత్తాము మీద చెయ్యి వెయ్యడం మానేసింది, అంతే. ఆమె చూపు కూడా రోడ్డు మీద లేదు. డాష్‌బోర్డులో బ్యాటరీ బొమ్మ వెలిగే చోట ఉంది. ఆ బొమ్మ వెలగడం లేదు. వెలగడం లేదని మాటిమాటికీ చూసుకుంటోంది.

నేర్చుకునేవాళ్ళలో పొడుగు నర్సు ఒకామె ఉంది, ఆమె సర్దుకుపోయింది, ఆమెకి మొదటినించీ భయం తక్కువ. చిక్కొచ్చిందల్లా టైలరమ్మతోనే. కూడలిలో అంత పరువుపోయాక ఆమె కాలికి మళ్ళీ పాత ఊపు వచ్చేసింది. బండి కదిలితే ఎగురుతోంది, ఆపితే చస్తోంది.

"ఆపకు! ఆపకు! క్లచ్చు! క్లచ్చు తొక్కమంటే!" అని టీచరమ్మ అరిచింది.

బండి ఆగిపోయింది. టైలరమ్మ తాళం వైపు చెయ్యి చాపేలోపే టీచరమ్మ తనే వంగి తిప్పేసింది. మళ్ళీ కదిలింది. మళ్ళీ ఆగింది.

"ఎన్నిసార్లమ్మా? ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ప్రతిసారీ స్టార్టు చేస్తుంటే ఈ బ్యాటరీ ఏం కావాలి?"

ఆ మాట తన నోటినించి వచ్చిందని టీచరమ్మకి కాసేపటిదాకా తట్టలేదు. ఎన్ని స్టార్టింగులైనా తట్టుకుంటుందని ఏరికోరి కొన్న బ్యాటరీ అది. దాన్ని వేయించుకుని కూడా స్టార్టింగులు లెక్కపెడుతోంది. టైలరమ్మ చేతులు స్టీరింగు మీద వణుకుతున్నాయి.

"మేడమ్, ఇవాళ ఫ్యాను వెయ్యరా?" అంది చిన్నగా.

"వెయ్యను. నడుపు."

టైలరమ్మ నడిపింది. ముక్కు కొస మీదకి జారిన కన్నీటిచుక్కని తుడుచుకోవడానికి కూడా స్టీరింగు మీదనించి చెయ్యి తియ్యలేదు. వాకిట్లో దిగాక, చెప్పులు వేసుకుంటూ, "టెస్టుకి నేను రానులెండి. బట్టలు ఆటోలో వేసుకెళ్తాను, ఇన్నాళ్ళూ వెళ్ళలేదా," అంది. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉన్నా బాగుండేదని టీచరమ్మకి అనిపించింది. వెనక్కి పిలవాలనుకుంది. నర్సు అప్పటికే సీటు చివరికంటా వెనక్కి తోసుకుని కూర్చుని బెల్టు పెట్టుకుంటోంది. ఆవేళ ఆఖరి క్లాసు ఆమెదే.

*

తర్వాతి పొద్దున్న కొత్త బ్యాటరీ మూలిగింది.

మూలిగినా బండి స్టార్టయితే అయింది. కానీ ఆ మూలుగు టీచరమ్మకి తెలుసు, పాతదాని మూలుగే. ఇంకో రెండు రోజులు మూలిగి, తర్వాత టిక్కు టిక్కు అంటుంది.

"మూలిగిందా?" అరుగు మీదనించి బావ గొంతు.

"లేదు బావా. పొద్దున్నే చల్లగా ఉంది కదా, అందుకని."

"ఊఁ. రేపు పొద్దున్న నేనే తిప్పి చూస్తాలే."

టీచరమ్మ కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. మోకాళ్ళు స్టీరింగుకి తగులుతున్నాయి. సీటు ముందుకు జరిపి ఉంది. అలవాటుగా కిందనున్న మీట పట్టుకుని వెనక్కి తోయబోయి ఆగింది. నిన్న ఆఖర్న నడిపింది నర్సు. నర్సు కాళ్ళకి ఈ సీటు ఎంత వెనక్కి తోసినా చాలదు.

అద్దం కేసి చూసింది. అద్దం కిందకి వాలి ఉంది, పొట్టి మనిషికి వెనకంతా కనపడేలా. గేరురాడ్డు మీద చెయ్యి వేస్తే వేళ్ళకి తెల్లగా ఏదో అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. పిండి. ఆ ఇంట్లో సాయంత్రంపూట చేతులకి పిండి అంటుకునే మనిషి ఒక్కతే.

రోజంతా టీచరమ్మ ఎలా నేర్పిందో, ఎవరికి ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. మామూలుగా మధ్యాహ్నం తాళం కొక్కేనికి తగిలించి ఇంటికి వెళ్ళిపోతుంది. ఆవేళ చీకటి పడుతుండగా మళ్ళీ వచ్చింది. ముందుగదిలో బావ థియరీ క్లాసు జరుగుతోంది, ఆయన గొంతు వీధి చివరికి వినపడుతోంది. కొక్కేనికి తాళం లేదు. షెడ్డు తలుపు దగ్గరగా వేసి ఉంది. కింది సందులోంచి వెలుగు వస్తోంది.

తలుపు తోసింది.

అక్క డ్రైవరు సీట్లో కూర్చుని ఉంది. బెల్టు పెట్టుకుంది. హెడ్‌లైట్లు ఎదుటి గోడ మీద పడుతున్నాయి. ఉక్కపోతకి ఫ్యాను తిరుగుతోంది. గోడ అవతలనించి బావ గొంతు, "పాదచారి కాలు కింద పెట్టాడా, మీరు ఆగాలి. ఆగేముందు?" అంది. ఇవతల అక్క పెదవులు, "అద్దం చూడాలి," అన్నాయి. అక్క అద్దం చూసింది. చూస్తే అందులో చెల్లెలు కనపడింది.

"అక్కా!"

అక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. స్టీరింగు మీదనించి చేతులు తీసేసింది. వెంటనే, అంత గాభరాలోనూ, కొట్టుకుంటున్న ఇండికేటరుని మాత్రం ఆపింది.

"ఎన్నాళ్ళనించక్కా ఇది?"

"వానలకి ముందునించి." అక్క బెల్టు విప్పుకుంది. "మీ బావ క్లాసు చెప్పినంతసేపే. గోడ పక్కనే కదా, అన్నీ వినపడతాయి."

"నా కొంప ముంచావు కదక్కా! నా సీటు పోతోంది. నీకు తెలుసు, వాకిట్లో అందరి ముందూ నన్ను అన్నేసి మాటలన్నాడు, గుమ్మంలో నిలబడి విన్నావు!"

"నాకు తెలీదే. ఒట్టు. ఇంజను ముట్టుకోలేదు కదా, పెట్రోలు చుక్క కాలలేదు కదా, ఏమీ ఖర్చవదనుకున్నాను. ఆరోజు ఆయన ఫ్యాను ఫ్యాను అంటుంటేగానీ నాకు వెలగలేదు."

"మరి ఆరోజే చెప్పలేదేం?"

అక్క ఒళ్ళో చేతులు చూసుకుంది. గోర్ల సందుల్లో పిండి ఉంది.

"చెప్తే నవ్వుతారే. కోప్పడితే పడతాను, అలవాటే. ఓసారి అడిగాను, నాకూ నేర్పించండని. నేనున్నాగా తిప్పడానికి, నీకెందుకే అన్నారు. పోనీ అంతటితో ఊరుకున్నారా, ఆ సాయంత్రం క్లాసులో చెప్పారు. మా ఆవిడ కూడా నేర్చుకుంటుందటండీ, ఇక మీరంతా ఇళ్ళల్లోనే ఉండండి, రోడ్ల మీదకి రాకండి అని. ఇక్కడే కూర్చుని విన్నాను. ఎంతసేపు నవ్వారో."

గోడ అవతల ఇప్పుడు కూడా ఎవరో నవ్వారు. దేనికో తెలియదు.

"తెలిశాక కూడా మళ్ళీ ఎందుకు కూర్చున్నావు?"

"మంచిది వేయించావని చెప్పావుగా. లైటు లేకుండా కూర్చుందామనే అనుకున్నాను. చీకట్లో అద్దం కనపడదే."

టీచరమ్మకి చాలా కోపం వచ్చింది. అక్క మీద వచ్చింది, బావ మీద వచ్చింది. అవన్నీ దాటి, ముక్కు మీద కన్నీటిచుక్కతో స్టీరింగు పట్టుకున్న టైలరమ్మ కళ్ళముందు మెదిలేసరికి తనమీదే వచ్చింది. చెయ్యి చాపి లైట్లు కట్టేసింది, ఫ్యాను కట్టేసింది. బండిని అలా రోడ్డు మీద తిప్పుకొస్తే కాస్త నిండుతుంది, రేపు బావ ముందు పరువు దక్కుతుంది. అక్కని దింపి తను కూర్చుంది. తాళం తిప్పింది.

టిక్కు టిక్కు టిక్కు.

టీచరమ్మ తాళం తీసి, చీకట్లో తడుముకుంటూ బండి దిగింది.

"నువ్వు లోపలికి వెళ్ళు," అంది అక్కతో. "రేపు నేనేదో ఒకటి చెప్పుకుంటాను."

*

రాత్రంతా ఆమె చెప్పుకోవలసిన మాటలు కూర్చుకుంటూనే ఉంది. ఫ్యాను క్లాసులు మానలేదని చెప్పాలి. తప్పు నాదేనని చెప్పాలి. కౌంటరు వెనక కుర్చీ, మోగే ఫోను, గాజు అవతల బావ పక్కన బిక్కచచ్చి కూర్చుని వెళ్ళే టైలరమ్మలు, అన్నీ వరసగా కనపడ్డాయి. అక్క పేరు ఎత్తితే ఇవేవీ ఉండవు. ఎత్తితే ఆ నవ్వు ఉంటుంది, ఇంక అక్క బతికున్నన్నాళ్ళూ ఉంటుంది.

పొద్దున్న వాకిట్లో నర్సు ఉంది, పెద్ద బండి నేర్చుకునేవాళ్ళు ముగ్గురు నలుగురు ఉన్నారు. టైలరమ్మ కూడా వచ్చింది. బండిలో గొడుగు మర్చిపోయిందట, తీసుకుని పోదామని. బావ అందరూ చూస్తుండగా షెడ్డులోకి వెళ్ళి, చిన్న బండిలో కూర్చుని, తలుపు కూడా వేసుకోకుండా తాళం తిప్పాడు. టిక్కు టిక్కులు వాకిట్లోకి వినపడ్డాయి.

తాళం వేలికి తగిలించుకుని తిప్పుకుంటూ బయటికొచ్చాడు. "సరైనదే ఎంచుకున్నావమ్మా," అన్నాడు. "పద మరి, కౌంటరు ఖాళీగానే ఉంది."

"బావా, తప్పు..." అని టీచరమ్మ మొదలుపెట్టింది.

"బ్యాటరీ ఖాళీ చేసింది నేను."

అక్క గుమ్మంలో ఉంది. చేతులు శుభ్రంగా కడుక్కుంది. కాళ్ళకి ఎప్పుడో కొని పెట్టెలో దాచిన బూట్లు ఉన్నాయి, లేసులు గట్టిగా కట్టి ఉన్నాయి.

బావ నవ్వాడు. "నువ్వా? షెడ్డులో ఏం చేశావు, నిద్రపోయావా?"

ఎవరూ నవ్వలేదు. టైలరమ్మ గొడుగు రెండు చేతులతో పట్టుకుని అక్కనే చూస్తోంది.

"పాదచారి కాలు కింద పెట్టాడా, మీరు ఆగాలి," అంది అక్క. ఒక్క మాట తప్పలేదు. "ఆగేముందు అద్దం చూడాలి. మలుపుకి ముందే ఇండికేటరు వెయ్యాలి, మలుపులో కాదు. ముందు బండికీ మనకీ మధ్య ఇంకో బండి పట్టేంత చోటు వదలాలి. మీరు చెప్పిందే. గోడ పక్కన కూర్చుని రోజూ విన్నాను. చీకటని లైటేసుకున్నాను. చెల్లెలి తప్పేం లేదు."

బావ నవ్వు సగంలో ఆగింది. చుట్టూ చూశాడు, ఎవరైనా అందుకుంటారేమోనని. ఎవరూ అందుకోలేదు. వేలికున్న తాళం తిరగడం మానేసింది.

టీచరమ్మకి అప్పటిదాకా కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. బదులుగా చాలా మామూలు మాట వచ్చింది. "బావా, మీ బండి కాస్త ఇటు తెండి. వైర్లు తగిలిద్దాం."

బావ ఏదో అనబోయి, తాళం ఆమె చేతిలో పెట్టి, వెళ్ళి పెద్ద బండి స్టార్టు చేశాడు. మిగతావాళ్ళు చిన్న బండిని షెడ్డులోంచి వాకిట్లోకి తోసి గేటు వైపు తిప్పి నిలిపితే, తనది దాని పక్కకి తెచ్చాడు. టీచరమ్మ రెండు బానెట్లూ ఎత్తి వైర్లు బిగించింది. తర్వాత తాళం అక్కకి అందించింది.

"కూర్చో."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. సీటు నీకు సరిగ్గానే ఉంది, నేను జరపలేదు."

అక్క కూర్చుని బెల్టు పెట్టుకుంది. అద్దం చూసుకుంది. తాళం పట్టుకుని కళ్ళు మూసుకుంటే టీచరమ్మ, "కళ్ళు తెరిచి," అంది. అక్క కళ్ళు తెరిచి తిప్పింది. బండి అందుకుంది. ఇన్నాళ్ళూ కూర్చుని కూడా ఎన్నడూ వినని ఆ చప్పుడు కాళ్ళకింద మొదలయ్యేసరికి అక్క, "అమ్మో," అని నోరు మూసుకుంది.

బ్యాటరీ కాస్త నిండేదాకా అలాగే ఉంచారు. టీచరమ్మ వైర్లు విప్పి, పక్కసీట్లో కూర్చుని, ఫ్యాను పెట్టింది. వెనక తలుపు తీసి, "ఎక్కు," అంది టైలరమ్మతో. "మొన్న అరిచినందుకు ఏమీ అనుకోకు. భయమేసి అరిచాను. ఈవిడ తర్వాత నువ్వే." టైలరమ్మ గొడుగుతో సహా ఎక్కింది.

"రేపు మళ్ళీ ఖాళీ చేసేస్తుంది," అన్నాడు బావ కిటికీ దగ్గరికొచ్చి. అందులో వెక్కిరింత తక్కువ, బెంగ ఎక్కువ.

"నడిపితే ఖాళీ అవదు బావా. నిలబెట్టి కూర్చుంటేనే అవుతుంది."

అక్క క్లచ్చు వదిలింది. బండి ఒక్క గెంతు గెంతి గేటు ముందు ఆగిపోయింది.

"మెల్లిగా అక్కగారూ, కుట్టు మెషిననుకోకండి," అంది వెనకనించి టైలరమ్మ.

అక్క తాళం తిప్పింది. కదిలింది. ఆగిపోయింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ ఆగిపోయింది. బావ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "బ్యాటరీ! అలా ఆపేస్తూ ఉంటే బ్యాటరీ ఏమవుతుందో..."

"ఆగనివ్వండి బావా," అంది టీచరమ్మ. డాష్‌బోర్డు వైపు చూడలేదు, అక్క కాళ్ళవైపు చూస్తోంది. "ఎన్నిసార్లు ఆగితే అన్నిసార్లు ఆగనివ్వండి. దీన్ని కొన్నదే అందుకు."

అక్క తాళం తిప్పింది. బావ గేటు రెండో రెక్క కూడా తీసి, పట్టుకుని, పక్కకి జరిగాడు.